గ్రాట్యుటీ కేసు ఫైల్ కట్టే ముందు

వరంగల్‌లో కార్మికుల పక్షాన ప్రాక్టీసు మొదలుపెట్టే జూనియర్ లాయరు గ్రాట్యుటీ (పని మానేశాక సర్వీసును బట్టి యజమాని ఇవ్వాల్సిన సొమ్ము) కేసులతో పని నేర్చుకోవడం మంచిది. లెక్క సూటిగా ఉంటుంది. చిక్కంతా కాగితాల్లోనే.

ముందు పని మానేసిన తేదీ అడగండి. 2025 నవంబర్ 21కి ముందైతే 1972 నాటి గ్రాట్యుటీ చట్టం, ఆనాటి నుంచైతే సామాజిక భద్రతా కోడ్. తర్వాత ఎక్కడ పనిచేశారో అడగండి. ఊళ్లోని రైస్ మిల్లయితే రాష్ట్ర కార్మిక శాఖ, భూపాలపల్లిలోనో మందమర్రిలోనో బొగ్గు గనైతే కేంద్రం పరిధి. తప్పు ఆఫీసులో వేస్తే నెలలు తిరిగాక "మాకు అధికారం లేదు" అంటారు. ముసలి కార్మికుడికి ఆ నెలలు చాలా విలువైనవి.

చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఆరు నెలలు దాటిన ముక్కను ఏడాదిగా లెక్కేస్తారు. జీతం 13,000, సర్వీసు 12 ఏళ్ల 7 నెలలైతే 97,500 రూపాయలు. యాజమాన్యం 30తో భాగిస్తే 84,500కు పడిపోతుంది, అంటే ఒక నెల జీతం పోయినట్టే. సిరిసిల్ల మరమగ్గాల మీద పీసు లెక్కన చేసేవాళ్లకు చివరి మూడు నెలల సంపాదన సగటు నుంచి రోజు కూలి తీయాలి, ఓవర్‌టైమ్ కలపొద్దు.

అసలు కొట్లాట సర్వీసు మీదే. "వీడు మా మనిషి కాదు, మేస్త్రీ తెచ్చినోడు" అంటారు యజమానులు. అందుకే మేస్త్రీని, మిల్లు యజమానిని ఇద్దరినీ పార్టీలుగా చేర్చండి. పీఎఫ్ పాసుబుక్కు, ఈఎస్‌ఐ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్, గేట్ పాస్ జమచేయండి. పీఎఫ్ ఆలస్యంగా కట్టడం మొదలుపెట్టి ఉంటే అంతకు ముందు ఏళ్లకు తోటి కార్మికుల సాక్ష్యం కావాలి. హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు దాఖలు చేయించమని పిటిషన్ వేయండి. తేకపోతే వాటిలో ఉన్నది యజమానికి వ్యతిరేకమేనని వాదించవచ్చు. పూర్తి ఏడాది సర్వీసుగా లెక్కకు రావాలంటే ఏడాదికి 240 రోజులు, భూగర్భ గనిలో 190 రోజులు పనిచేసినట్టు చూపాలి. పనిలో దెబ్బ తగిలి ఇంట్లో ఉన్న రోజులు, ప్రసూతి సెలవు కూడా కలపండి, వీటిని చాలామంది వదిలేస్తారు.

ఐదేళ్ల సర్వీసు నిండాలన్న నిబంధన మరణానికి, వైకల్యానికి వర్తించదు. రాజీనామా చేసినా ఐదేళ్లు నిండితే హక్కు పోదు. "లెక్కంతా ముట్టింది" అనే కాగితం మీద సంతకం చేసి ఉన్నా వెనక్కి పంపకండి. ఒప్పందంతో చట్టం ఇచ్చిన గ్రాట్యుటీ రద్దు కాదు. అందులో గ్రాట్యుటీ కింద ఎంత ఇచ్చారో చూసి, తగ్గిన మొత్తానికి దరఖాస్తు వేయండి.

ముందుగా గ్రాట్యుటీ ఇవ్వమని యజమానికి స్పీడ్ పోస్టులో రాసి, రసీదు ఫైల్‌లో పెట్టండి. చెల్లింపు గడువు 30 రోజులు, దాటితే వడ్డీ అడగాలి. ఆర్డరు మీద యజమాని అప్పీలుకు వెళ్లాలంటే ముందుగా అందులో ఇవ్వమన్న మొత్తం డిపాజిట్ చేయాలి. చేశాడో లేదో అప్పీలు మొదటి విచారణ రోజే చూడండి.