నవాహో యుద్ధ సంకేతాన్ని విప్పి చదవడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, అమెరికా మెరైన్ దళంలో చేరిన 29 మంది నవాహో (అమెరికాలోని ఒక ఆదివాసీ తెగ) యువకులు తమ భాషతో కూర్చిన సంకేతాన్ని విప్పదలచినవారు ముందుగా అందులో రెండు పొరలున్నాయని గ్రహించాలి. తరచుగా వాడే సైనిక పదాలకు నేరుగా నవాహో పేర్లుంటాయి కనుక, మొదట వాటిని గుర్తుపట్టాలి: ‘బేష్ లో’ (అనగా ఇనుప చేప) అంటే జలాంతర్గామి, తాబేలు అంటే ట్యాంకు, బంగాళాదుంపలు అంటే చేతిబాంబులు (ఈ చివరి పోలికలోని చమత్కారం మెచ్చదగినది).

రెండో పొర అక్షరాలది: అలాంటి సైనిక పదాల జాబితాలో లేని మాట ఎదురైనప్పుడు ఒక్కో నవాహో పదాన్నీ ఇంగ్లీషులోకి మార్చి, దాని మొదటి అక్షరాన్ని మాత్రమే తీసుకోవాలి. ఉదాహరణకు సూది, చీమ, విజేత, యుక్కా మొక్క అనే అర్థాలున్న నాలుగు నవాహో పదాలు వరుసగా వినిపిస్తే నీడిల్, యాంట్, విక్టర్, యుక్కా అని రాసుకోవాలి. తొలి ఇంగ్లీషు అక్షరాలు (N, A, V, Y) కలిపితే ‘నేవీ’ వస్తుంది.

ఒకే అక్షరానికి ఒకే పదం ఉంటుందని మాత్రం అనుకోరాదు. ‘ఎ’ (A) అక్షరానికి చీమతోపాటు ఆపిల్, గొడ్డలి కూడా వాడేవారు; తరచుగా వచ్చే అక్షరాలను లెక్కగట్టి గుట్టు లాగే శత్రువును తికమకపెట్టడానికే ఈ ఏర్పాటు. సంకేతంలో ఇలా పొరలుండటం వల్లే జపాన్‌కు చిక్కిన ఒక నవాహో సైనికుడికి సైతం ఆ మాటలు విడివిడిగా తెలిసినా సందేశం బోధపడలేదు.