పెట్టెలో తేనెటీగలు తగ్గుతున్నాయా? బీటీని తిట్టే ముందు పత్తి ఆకు తిప్పి చూడండి

ప్రతి ఆగస్టులోనూ నాకు ఇదే ఫోన్ వస్తుంది. "అన్నా, పెట్టెలు ఖాళీ అయిపోతున్నాయి. చుట్టూ అంతా బీటీ పత్తే. దాని విషమే కదా?" నేను అడిగేదీ ఒకటే. చుట్టుపక్కల చేలల్లో ఈ వారం ఏం మందు వాడారు? అవతల కాసేపు చప్పుడుండదు. తర్వాత, "అది కనుక్కోలేదన్నా."

కనుక్కోండి. బీటీ లాంటి జన్యుమార్పిడి పంటల మీద టీవీలో గంటసేపు చర్చ చూసే ఓపిక ఉంది కానీ, గట్టు దాటి పక్క రైతును ఒక్క మాట అడిగే ఓపిక ఉండదు. పొగడబ్బా వెలిగించడం, చట్రం ఎత్తి చూడటం, రాణీని గుర్తుపట్టడం మీకు వచ్చనుకునే ఇది రాస్తున్నాను.

ఒక్క పక్క చేనును అడిగితే సరిపోదు. ఇటలీ ఈగ (పెట్టెల్లో పెంచే విదేశీ తేనెటీగ) మూడు కిలోమీటర్ల దాకా సులువుగా వెళ్ళొస్తుంది. పెట్టె నుంచి నలువైపులా మూడు కిలోమీటర్ల దూరంతో గుండ్రంగా గీత గీస్తే అందులో దాదాపు 7 వేల ఎకరాలు పడతాయి. అంతమంది రైతుల్ని అడగలేం కాబట్టి, నేను ఊళ్ళో పురుగుమందుల కొట్టుకు వెళ్ళి "ఈ వారం ఏది బాగా పోతోంది?" అని అడుగుతాను. సగం జబ్బు అక్కడే తేలిపోతుంది.

లక్షణం: పెట్టె ముందు చచ్చిన ఈగలు కుప్పగా

ఇది తేలికైన కేసు. నాలుగు ఈగల్ని అరచేతిలో వేసుకుని చూడండి. నాలుక బయటికి సాగి ఉంటుంది. కొన్నిటి కాళ్ళకు పుప్పొడి ముద్దలు అలాగే ఉంటాయి. బతికున్నవి గుమ్మం దగ్గర వణుకుతూ, వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతుంటాయి. ఎవరో పూత మీద పట్టపగలు మందు కొట్టారు, అంతే. పొద్దుతిరుగుడులోనూ నువ్వులోనూ ఎక్కువగా చూశాను. అక్టోబరు, నవంబరుల్లో గులాబీ రంగు పురుగుకు కొట్టే మందులతో పత్తిలోనూ చూశాను.

ఆ రాత్రికే పెట్టెలు ఎత్తేయండి. మూడు కిలోమీటర్ల లోపు దింపితే ఈగలు పాత చోటికే తిరిగి వెళ్తాయి, ఆ చాకిరీ వృథా. ఎత్తడం కుదరకపోతే గుమ్మానికి జాలీ కొట్టి, పైన తడి గోనెసంచి పరిచి, లోపల నీళ్ళు పెట్టి ఒక పూట ఆపొచ్చు. గాలి ఆడకుండా చెక్కతో మూసేస్తే మందుకు చావనివి ఉక్కకు చస్తాయి. కొత్తగా పుప్పొడి నింపిన చట్రాలు తీసేయండి, విషం ఉండేది వాటిలోనే. పంచదార, నీళ్ళు సమపాళ్ళలో కలిపి పాకం పెట్టండి. పిల్ల, రాణీ బాగుంటే నెల, నెలన్నరలో కోలుకుంటుంది.

మందు పేరు కూడా రాసుకోండి. డబ్బా మీద త్రికోణం రంగు చూసి "నీలం కదా, ఏం కాదులే" అనుకోవద్దు. ఆ రంగు మనిషికీ పశువుకూ ఎంత ప్రమాదమో చెబుతుంది. ఈగ సంగతి దానికి పట్టదు.

ఒకే ట్యాంకులో మూడు మందులు కలిపారేమో కూడా అడగండి. అసెటామిప్రిడ్ ఒక్కటే అయితే ఈగలకు పెద్దగా హాని ఉండదు. అదే ప్రోపికొనజోల్ లాంటి తెగులు మందుతో కలిస్తే దాని విషం వంద రెట్లు పెరిగిందని 2004లో ప్రయోగశాలలో చూశారు. మన దగ్గర పురుగు మందు, తెగులు మందు, పైన ఒక టానిక్ కలపకపోతే కొట్టువాడికి నిద్ర పట్టదు.

లక్షణం: చచ్చినవి కనపడవు, ఉన్నవి తగ్గిపోతుంటాయి

టెన్షన్ పెట్టేది ఇదే. పెట్టె తెరిస్తే రాణీ ఉంటుంది, పిల్ల ఉంటుంది, కాస్త తేనె కూడా ఉంటుంది. మేతకు వెళ్ళే ముదురు ఈగలు మాత్రం రోజురోజుకూ తగ్గిపోతాయి. పొద్దున తొమ్మిదింటికి గుమ్మం దగ్గర కూర్చుని నిమిషానికి ఎన్ని లోపలికి వస్తున్నాయో లెక్కపెట్టండి. మూడు రోజులు వరసగా తగ్గితే అవి చేలోనే పోతున్నాయని అర్థం.

2006 చివర్లో అమెరికాలో ఇలాగే రాణీనీ పిల్లనూ వదిలి ఈగలు మాయమైనప్పుడు దానికి కాలనీ కొలాప్స్ అని పేరు పెట్టారు. అప్పటినుంచీ మనవాళ్ళు పెట్టె ఎలా ఖాళీ అయినా ఆ పేరే వాడుతున్నారు. రాణీతో సహా మొత్తం లేచిపోయి, తేనెపట్టు పొడిగా ఉంటే అది వేరే కథ. పుట్ట ఈగకు (మన దేశీ తేనెటీగకు) ఆకలేసినా, చీమలు పట్టినా, మైనపు పురుగు పడినా లేచిపోవడం అలవాటే.

ఇక నన్ను ముంచిన సంగతి. ఒక ఏడాది పొద్దుతిరుగుడు కోసం ముందుగానే పెట్టెలు తెచ్చి పత్తి చేను గట్టున దింపించాను. పత్తికి నలభై రోజులు. పువ్వు కాదు కదా, గూడ (మొగ్గ) కూడా సరిగ్గా రాలేదు. పెట్టెల యజమాని భయపడుతుంటే "పూత లేని చేలోకి ఈగ ఎందుకు పోతుందయ్యా" అని నేనే ధైర్యం చెప్పాను. వారం తిరిగేసరికి పెట్టెలు పలచబడ్డాయి. చేను రైతును అడిగితే "మందు కొట్టలేదు సార్, ఒట్టు" అన్నాడు. నిజమే, కొట్టలేదు. చుట్టుపక్కల వాళ్ళూ కొట్టలేదు. పువ్వు లేదు, మందు లేదు. ఇక మిగిలింది విత్తనమే అనుకున్నాను. బీటీ మీద నేనూ నాలుగు మాటలు అన్నాను, దాచుకోవడమెందుకు.

గుట్టు విప్పింది అక్కడ కలుపు తీస్తున్న ఒక అక్క. "సారూ, నీ ఈగలు పువ్వు మీద లేవు, ఆకుల కిందున్నయి చూడు" అంది.

వంగి చూశాను. పత్తి ఆకు తిప్పితే, తొడిమ నుంచి పైకి వెళ్ళే నడిమి ఈనె మీద, తొడిమకు దగ్గరలో, చిన్న గుంట ఉంటుంది. నువ్వుగింజంత. పొద్దున పూట అందులో మెరిసే బొట్టు నిలుస్తుంది. అది మకరందం. మొక్క చీమల్నీ కందిరీగల్నీ కాపలాకు పిలుచుకోవడానికి పువ్వుతో పనిలేకుండా ఆకు మీదే పెట్టే తియ్యటి నీళ్ళు. గూడను కప్పి ఉండే రెక్కల దగ్గరా ఇవే గుంటలుంటాయి. ఆ గుంట చుట్టూ చీమలు బారు కట్టి ఉన్నాయి. ఒక ఈగ ఆకు అంచు పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ తాగుతోంది. నేను ఇరవై ఏళ్ళుగా పత్తి చేలల్లో తిరుగుతున్నాను. ఒక్కసారీ ఆకు తిప్పి దాని కోసం చూడలేదు. ఇంకెక్కడా మేత దొరకని ఆగస్టులో ఈగలు ఆ గుంటల మీదే బతుకుతాయి. పేనుబంక పడితే అది కార్చే తియ్యటి జిగురును కూడా వదలవు.

మరి మందు? ఆ రైతు అబద్ధం చెప్పలేదు. మందు కొట్టలేదు, పూశాడు. పచ్చదోమకు, పేనుబంకకు పత్తి కాండానికి బ్రష్షుతో మందు పూయడం మన దగ్గర పాత పద్ధతి. 2023లో నిషేధించేదాకా మోనోక్రోటోఫాస్ ఒక పాలుకు నాలుగు పాళ్ళ నీళ్ళు కలిపేవాళ్ళు, ఇమిడాక్లోప్రిడ్ అయితే ఒకటికి ఇరవై. 20, 40, 60 రోజులకు పూస్తారు. పిచికారీ కన్నా ఇదే మేలని నేనూ చెప్పాను, ఇప్పటికీ చెబుతాను. మిత్రపురుగుల మీద మందు పడదు, ఖర్చు తక్కువ. కానీ ఈ మందులు మొక్క లోపలికెక్కి రసంతో పాటు తిరుగుతాయి. రసం పీల్చే పురుగు చావాలంటే అంతే మరి. ఆకు గుంటలోకి ఊరేదీ ఆ మొక్క రసం నుంచే. అమెరికాలో 2000లో ఇలాంటి మందులు వేసిన పత్తి ఆకుల మకరందాన్ని ఒక చిన్న పరాన్న కందిరీగకు తాగించి చూశారు. దాని ఆయుష్షు తగ్గింది, పురుగును వెతికి పట్టుకునే నేర్పూ పోయింది. ఇమిడాక్లోప్రిడ్ విషయంలో ఐరోపా లెక్క ప్రకారం ఒక ఈగకు ప్రాణాంతక మోతాదు 4 నానోగ్రాముల చుట్టూ ఉంటుంది. అంటే ఒక గ్రాము 25 కోట్ల ఈగలకు లెక్క. అంతకన్నా తక్కువ తాగిన ఈగ అక్కడే చావదు, ఇంటి దారి మర్చిపోతుంది. అందుకే పెట్టె ముందు శవాలు కనపడవు.

కాబట్టి రైతును "మందు కొట్టావా?" అని అడగకండి. "కొట్టావా, పూశావా, మొక్క మొదలు దగ్గర పోశావా, గుళికలు వేశావా?" అని నాలుగూ అడగండి. తర్వాత పొద్దున ఎనిమిదింటికి చేలోకి దిగి ఇరవై మొక్కల్లో ఒక్కో ఆకు తిప్పండి. బొట్టు, చీమలు, ఈగలు కనిపిస్తే మీ జవాబు దొరికినట్టే. రుచి చూడకండి. ఇలా చెప్పాక ఒకాయన నిజంగానే నాకి చూశాడు, అందుకే రాస్తున్నాను.

పరిష్కారం దగ్గరే చాలామంది మళ్ళీ తప్పటడుగు వేస్తారు. "సాయంత్రం పూట మందు వాడండి" అని రైతుకు చెప్పి ఇంటికొచ్చేస్తారు. పూత మీద పిచికారీకి ఆ సలహా బంగారం. లోపలికెక్కే మందుకు అది పనికిరాదు, ఎందుకంటే మందు ఎప్పుడు పెట్టినా అది రోజుల తరబడి పొద్దున బొట్టులోకి వస్తూనే ఉంటుంది. పెట్టెలు ఎత్తడమే దారి. నేనైతే పూసిన చేనుకు మూడు వారాల పాటు దూరంగా ఉంచుతాను. ఎత్తలేని వాళ్ళు పెట్టె దగ్గరే పాకం, గులకరాళ్ళు వేసిన నీళ్ళ పళ్ళెం పెడితే చేలోకి వెళ్ళేవి కొంత తగ్గుతాయి, పూర్తిగా ఆగవు.

రైతుతో గొడవ పడి లాభం లేదు, ఆయనకు పచ్చదోమ నిజంగానే ఉంటుంది. ఆకుకు రెండు పిల్లపురుగులు దాటాయో లేదో ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి. దాటకపోతే వేపనూనె, జిగురు అట్టలతో నెట్టుకురావచ్చు. దాటితే ఫ్లోనికామిడ్ అడగండి, ఈగల వరకు అది చాలా నయం. తేనెలో ఒక సీసా ఇస్తే "ఎల్లుండి మందు పెడుతున్నా" అని ఆయనే ఫోన్ చేస్తాడు. ఈ సీసా పద్ధతి నాకు ఎప్పుడూ వమ్ము కాలేదు.

మరి బీటీ సంగతి?

మన దేశంలో బీటీ పత్తికి అనుమతి 2002 మార్చిలో వచ్చింది, రెండు జన్యువులది 2006లో. అందులో ఉండే క్రై ప్రొటీన్ గొంగళిపురుగు జాతి పేగుల్లో పట్టుకుని పనిచేస్తుంది. తేనెటీగ పేగులో దానికి ఆ పట్టు దొరకదు. 2008లో ఈ విషయం మీద 25 పరిశోధనల్ని కలిపి చూసినప్పుడు కూడా ఈగల బతుకు మీద చెడు ప్రభావం కనపడలేదు. నా అనుభవంలో ఒక్క పెట్టె కూడా ఆ ప్రొటీన్ వల్ల పోలేదు.

అలాగని బీటీ కంపెనీల తరఫున వకాల్తా పుచ్చుకోవట్లేదు. బీటీ వస్తే మందు ఖర్చు ఉండదన్నారు. కాయతొలిచే పురుగు తగ్గినా, రసం పీల్చే పురుగులకు బీటీతో పని లేదు, వాటికి మందు తప్పలేదు. 2015 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు రెండు జన్యువుల్నీ తట్టుకుంది, తర్వాత మన దగ్గరా అదే పాట. దాంతో పూత మీద మళ్ళీ పిచికారీలు. ఐరోపా సమాఖ్య ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్ మూడింటినీ 2013లో కట్టడి చేసి, 2018లో ఆరుబయట వాడకాన్ని ఆపేసింది. మన కొట్టులో మూడూ దొరుకుతాయి.

అనుమతి లేకుండా అమ్ముతున్న కలుపుమందు తట్టుకునే పత్తితో ఇంకో తంటా. గ్లైఫోసేట్ అనే ఆ కలుపుమందు కొడితే చేలో, గట్ల మీద ఒక్క పూలమొక్క మిగలదు. ఈగ పేగులోని మేలుచేసే బ్యాక్టీరియాను అది దెబ్బతీస్తుందని 2018లో టెక్సాస్‌లో తేల్చారు. దాని సంగతి ఎలా ఉన్నా, ఆకలి దెబ్బ మాత్రం కళ్ళకే కనపడుతుంది. పెట్టె వెనక నుంచి ఒక చేత్తో ఎత్తి చూడండి. తేలిగ్గా లేస్తే పాకం పెట్టండి, జబ్బు వెతకడం తర్వాత.

లక్షణం: పిల్ల చస్తోంది

పుట్ట ఈగలో పిల్ల తల పైకెత్తి, నీళ్ళ సంచిలా చచ్చి ఉంటే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్. 1990ల మొదట్లో దక్షిణాదిన పుట్ట ఈగల పెట్టెల్ని ఊడ్చేసింది ఇదే. మందు లేదు. ఆ చట్రాలు తీసేసి, బలమైన పెట్టె నుంచి కొత్త రాణీని తెచ్చుకోండి. ఇటలీ ఈగలో రెక్కలు ముడుచుకుపోయిన పిల్లలు పుడుతుంటే వర్రోవా నల్లి. పోతుటీగల (మగ ఈగల) గదులు విప్పి చూస్తే ఎర్రగా కనపడుతుంది.

మిగతావి

సెల్ టవర్ వల్లే ఈగలు పోతున్నాయని: ఈ మాట అన్నవాళ్ళ పెట్టెల్లో నాకు ప్రతిసారీ వేరే కారణమే దొరికింది. మందు పట్టించిన విత్తనం నుంచి లేచే దుమ్ము: జర్మనీలో 2008లో మొక్కజొన్న యంత్రాలతో విత్తినప్పుడు 11 వేలకు పైగా పెట్టెలు దెబ్బతిన్నాయి, కానీ మన పత్తి గింజ చేత్తో పెడతారు, అంత దుమ్ము లేవదు. జన్యుమార్పిడి ఆవాలు: వాటి అనుమతి మీద 2024 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలూ చెరో తీర్పు ఇచ్చారు. ఇది ఇంకా మన చేలల్లోకి రాలేదు, కాబట్టి మీ పెట్టెను చంపింది అది కాదు.

పెట్టెల్ని తిరిగి తెచ్చేటప్పుడు అన్నీ ఒకేసారి దింపకండి. బలహీనంగా ఉన్న ఒక్క పెట్టెను ముందు తెచ్చి, మూడు రోజులు పొద్దున తొమ్మిదింటికి గుమ్మం దగ్గర లెక్క రాయండి. మూడో రోజు లెక్క మొదటి రోజు కన్నా తగ్గకపోతే మిగతావాటికి బండి మాట్లాడండి.