పాత పికప్ ట్రక్కు స్టెప్నీకి ఉన్న అసలు తాళాన్ని పగలగొట్టకుండా తెరవడం

1947 మధ్య నుంచి 1955 తొలి నెలల వరకు అమెరికాలో తయారైన షెవ్రోలే, జీఎంసీ పికప్‌లను బాగుచేసుకునే వారికి తలుపుల రబ్బర్లు, తొట్టి చెక్కలు, ఇంజను సామాను దాదాపు అన్నీ కొత్తవి దొరుకుతాయి. స్టెప్నీని పట్టి ఉంచే అసలు తాళం మాత్రం అంత తేలికగా దొరకదు. తాళంచెవి పోయిన రోజున, దారి మధ్యలో పంక్చరు పడిన రోజున, సుత్తికో ఉలికో మొదట బలైపోయే భాగం అదే. అందువల్ల ఇన్నేళ్ల తరువాత కూడా ఆ తాళం ఇంకా స్థానంలోనే ఉన్న ట్రక్కు మీ చేతికి వస్తే, అది తెరుచుకోకపోవడం మీ అదృష్టంలో భాగమని అనుకోండి. ఎవరూ తెరవలేకపోయారు కాబట్టే అది మిగిలింది.

మనం స్టెప్నీ అని అలవాటుగా అనే ఈ మాట ఇక్కడ టెక్సాస్‌లో నా పొరుగువారెవరికీ తెలియదు. వేల్స్‌లోని లానెల్లి పట్టణంలో, స్టెప్నీ వీధిలో, 1904లో మొదలైన అదనపు చక్రం పేరు మన మెకానిక్కుల నోట అలాగే నిలిచిపోయింది. ఇక ఆ చక్రానికి తాళం ఎందుకన్న ప్రశ్నకు 1942 జవాబు చెబుతుంది. ఆ ఏడాది జనవరిలో అమెరికాలో టైర్లకు రేషన్ వచ్చింది, 1945 చివరి వరకు కొనసాగింది. కారుకు అయిదు టైర్లకు మించి ఉంచుకోకూడదన్న కాలాన్ని చూసిన వారికి, బయట వేలాడే చక్రాన్ని తాళం లేకుండా వదలాలంటే మనసొప్పదు.

తాళం జోలికి పోకముందు టైరులోని గాలి మొత్తం తీసివేయండి. వాల్వు మూత తుప్పు పట్టి ఉంటే నూనె వేసి మరునాడు విప్పండి, తరువాత వాల్వు పిన్నును పూర్తిగా బయటికి లాగండి. టైరు మెత్తగా ఉందన్న ధైర్యంతో ఈ పనిని దాటవేయకూడదు. తాళం దగ్గర డ్రిల్లు జారినా, వేడి తగిలినా, గాలి ఉన్న పాత టైరు పేలగలదు. అర టన్ను బరువు మోసే 3100 మోడల్ ట్రక్కుకు వచ్చే 16 అంగుళాల చక్రం ఒకే ముక్క రిమ్ము కాబట్టి కొంత నయం. అంతకన్నా పెద్ద ట్రక్కులలో లాక్ రింగుతో, అంటే టైరును పట్టి ఉంచే విడి ఇనుప వలయంతో, కూడిన ముక్కల రిమ్ములు ఉండవచ్చు, అవి మనుషులను చంపిన రిమ్ములు. వాటిని విప్పే పని, ముఖ్యంగా మళ్లీ గాలి నింపే పని, ఇనుప పంజరం ఉన్న టైర్ల దుకాణానికే అప్పగించాలి.

గాలి తీసిన తరువాత తాళాన్ని చూడండి. చక్రం తొట్టి పక్కన నిలబెట్టి ఉన్నా, తొట్టి కింద వేలాడుతున్నా, సూత్రం ఒకటే. చక్రం మధ్య నుంచి వచ్చే మరబోల్టు మీద ఒక నట్టు బిగించి ఉంటుంది, ఆ నట్టును పానా పట్టకుండా కప్పే టోపీకో, నట్టు తిరగకుండా ఆపే నాలుకకో తాళం ఉంటుంది. అంటే మీరు ఎదుర్కొంటున్న అడ్డంకులు రెండు: లోపలి తాళం బిగుసుకోవడం ఒకటి, బయటి మరలు తుప్పుతో అతుక్కుపోవడం ఇంకొకటి. చాలామంది ఈ రెండింటినీ కలిపి ఒకటే అనుకుని, తాళం తిరిగినా టోపీ రాకపోతే తాళమే పాడైందని దాన్ని కోసేస్తారు. ఏది బిగుసుకుందో తేలే వరకు బలం వాడవద్దు.

నా 1951 ట్రక్కు తాళానికి దుమ్ము మూత ఎప్పుడో ఊడిపోయింది. చెవి దూర్చే సందులో మట్టి గూడు కట్టే కందిరీగ తన గూడు కట్టుకుని పోయింది. ఆ మట్టి ఎండి ఇటుకలా గట్టిపడింది. దాన్ని పుల్లతో పొడిచి ఉంటే పొడి లోపలికే పోయేది. తాళం నోరు నేల వైపు ఉండేలా చక్రాన్ని బ్రాకెట్‌తో సహా కొంచెం వంచి, పళ్ల వైద్యులు వాడే సన్నని కొక్కెంతో పై పొరను గీకుతూ, ప్రతి రెండు నిమిషాలకు ఒకసారి గాలి గొట్టంతో ఊదుతూ పోతే, గంటన్నరకు చెవి కోతలను బట్టి కదిలే లోపలి ఇత్తడి పలకల అంచులు కనిపించాయి. వాటి మీద పచ్చని చిలుము ఉంది గాని, ఆరు పలకలూ ఉన్నాయి. అంతకు ముందు వారం వచ్చిన తాళాల పనివాడు అయిదు నిమిషాలు చూసి, డ్రిల్లు తప్ప దారి లేదని చెప్పి వెళ్లాడు.

ఆ ఆరు పలకల సంగతి తెలిస్తే డ్రిల్లు ఎందుకు వద్దో అర్థమవుతుంది. షెవ్రోలే, జీఎంసీలు రెండింటినీ తయారుచేసిన జనరల్ మోటార్స్ వాహనాలకు తాళాలు అందించింది విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీకి చెందిన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సంస్థ. 1935 నుంచి వారి తాళాలలో సైడ్‌బార్ అనే అడ్డకడ్డీ ఉంటుంది. సరైన చెవి పెట్టినప్పుడు ఆరు పలకల మీది గాట్లు ఒకే వరుసలోకి వస్తాయి, కడ్డీ ఆ గాట్లలోకి దిగుతుంది, అప్పుడే లోపలి భాగం తిరుగుతుంది. మామూలు తాళాన్ని తిప్పే ఒత్తిడి పెట్టి, పలకలను ఒక్కొక్కటిగా లేపి తెరిచే పద్ధతి ఇక్కడ సులభంగా సాగదు, ఎందుకంటే ఆ ఒత్తిడిని మోసేది పలకలు కాదు, కడ్డీ. తీగ ముక్కలతో ప్రయత్నించి స్ప్రింగులు వంచుకోవడం కన్నా, చెవి చేయించుకోవడమే దగ్గరి దారి.

చెవి చేయించడానికి కావలసింది ఒక సంఖ్య. 1935 నుంచి 1966 వరకు జనరల్ మోటార్స్ చెవులు ఒకే రకం గాడితో, ఆరు కోతలతో, నాలుగు లోతులతో ఉండేవి. వాటి కోడ్ సంఖ్యలు 8000కు, 9499కు మధ్య ఉంటాయి. చెవి తలలో ఆ సంఖ్య గల చిన్న బిళ్లను కొన్నవారు ఊడగొట్టేవారు కాబట్టి పాత చెవి దొరికినా సంఖ్య ఉండకపోవచ్చు. తాళం ముఖం మీదనో, ఒంటి మీదనో అది చెక్కి ఉండే అవకాశం ఉంది. అందుకే తాళం ముఖాన్ని తీగ చక్రంతో ఎప్పుడూ రుద్దకూడదు. సబ్బు నీటితో, నైలాను కుంచెతో కడిగి, ఆరిన తరువాత సుద్దముక్కను అడ్డంగా రుద్ది, పక్క నుంచి టార్చి వేసి చూడండి. కంటికి కనబడని అంకెలు తెల్లగా తేలుతాయి. నాకు అలా మూడంకెలు స్పష్టంగా కనిపించాయి, నాలుగోది 3 గాని 8 గాని అయి ఉండాలి. రెండు సంఖ్యలకూ రెండు చెవులు కోయించాను. తాళం బద్దలు కొట్టించే ఖర్చు కన్నా అది చాలా తక్కువ.

సంఖ్య అసలే లేకపోతే ట్రక్కులోని మిగతా తాళాలను చూడండి. ఈ తరం ట్రక్కులలో తొలి ఏళ్ల వాటికి బయటి నుంచి చెవి పట్టేది కుడి తలుపుకే, డ్రైవరు తలుపును లోపలి నుంచి వేసుకుని కుడి వైపు దిగేవారు. ఆ కుడి తలుపు తాళానికీ, స్టెప్నీకీ ఒకే చెవి సరిపోయేలా పాత యజమాని ఎవరైనా చేయించుకుని ఉండవచ్చు కాబట్టి, ఆ తాళాన్ని ఊడదీసి ఒంటి మీది సంఖ్య చూడడం వృథా కాదు. అదీ కుదరకపోతే, తాళం నోటిలోకి వెలుతురు పంపి పలకల ఎత్తులు కంటితో చదవగల పనివాడిని వెతకండి. వాహనం మీ పేరున ఉన్న కాగితం ఆయనకు ముందే చూపించండి, మంచి పనివాడు ఎలాగూ అడుగుతాడు.

చెవి చేతికి వచ్చాక కూడా తొందర వద్దు. తుప్పును చొచ్చుకుపోయే పలుచని నూనెను రోజుకు రెండుసార్లు, నాలుగైదు రోజుల పాటు, కొద్దికొద్దిగా వేయండి. బయటి మరలకు అసిటోన్, ఆటోమేటిక్ గేర్లున్న కార్లలో పోసే ఆయిలు (ఏటీఎఫ్) సమానంగా కలిపిన మిశ్రమం బాగా పనిచేస్తుంది, కాని అది రంగును తినేస్తుంది, తేలికగా అంటుకుంటుంది. దాన్ని మర మీద తప్ప ఎక్కడా పడనివ్వకండి. వెనిగరు, తుప్పు తీసే ఆమ్లాలు తాళానికి పనికిరావు. తాళం ఒళ్లు జింకు మిశ్రమలోహంతో పోతపోసినది, ఆమ్లం తుప్పుతో పాటు దాన్నీ కరిగిస్తుంది. గ్యాసు మంట అసలే వద్దు, ఆ లోహం సుమారు 385 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. వేడి కావాలంటే జుట్టు ఆరబెట్టే యంత్రం చాలు.

చెవిని పూర్తిగా లోపలికి పెట్టి, వేళ్లతోనే, అటూ ఇటూ వెంట్రుకవాసి కదిపి చూడండి. అదే సమయంలో చెక్క సుత్తితో తాళం పక్కన మెల్లగా తడుతూ ఉండండి. ఆ అదురుకు అతుక్కున్న పలకలు ఒక్కొక్కటిగా జారతాయి. పటకారుతో చెవిని పట్టి తిప్పకండి, ఇత్తడి చెవి లోపల విరిగితే ఇంతవరకు చేసిన పని రెట్టింపవుతుంది. నా తాళం ఆరో రోజున సగం తిరిగి ఆగింది. దాన్ని వెనక్కి తిప్పి, నూనె వేసి, మరునాటికి వదిలేశాను. మరునాడు చిన్న శబ్దంతో పూర్తిగా తిరిగింది.

వారం గడిచినా కదలకపోతే, తాళాన్ని అలాగే ఉంచి మొత్తం బ్రాకెట్‌ను ఫ్రేము నుంచి విప్పుకోవచ్చు. గాలి లేని టైరును లోపలికి నొక్కితే వెనుక బోల్టులకు చేయి అందుతుంది. చక్రం బరువు 20 కిలోలు దాటవచ్చు కాబట్టి కింద జాకీ పెట్టి, పక్కన ఇంకొకరిని నిలబెట్టి విప్పండి. తొట్టి కింద వేలాడే చక్రమైతే దాని కింద పడుకోకండి. బల్ల మీదికి వచ్చిన తాళంతో నిదానంగా పనిచేయవచ్చు, పనివాడి దగ్గరికి తీసుకుపోవచ్చు. డ్రిల్లు తప్పదని తేలినా, సన్నని బిట్టుతో చెవి గాడి ఉన్న లోపలి భాగాన్ని మాత్రమే తొలిపించండి. బయటి ఒళ్లు, టోపీ చెక్కుచెదరకుండా మిగిలితే లోపలి భాగాన్ని మార్చుకోవచ్చు.

తెరుచుకున్న తాళాన్ని ద్రావకంతో కడిగి, నూనె జాడ లేకుండా పూర్తిగా ఆరనిచ్చి, గ్రాఫైట్ పొడి ఒక్క చిటికెడు ఊదండి. నూనె మిగిలి ఉంటే గ్రాఫైట్ ముద్దగా మారి మళ్లీ పలకలను పట్టేస్తుంది. మరబోల్టుకు, మరలు పట్టేయకుండా కాపాడే యాంటీ సీజ్ పేస్టు పూయండి. దుమ్ము మూత లేకపోతే పాత ట్యూబు రబ్బరును గుండ్రంగా కత్తిరించి మూతగా వాడండి, నేను చేసినది అదే. సంఖ్యను ట్రక్కు కాగితాలలో రాసిపెట్టి, రెండో చెవిని ఇంట్లో ఉంచి, మూడు నెలలకు ఒకసారి తాళాన్ని తెరిచి మూయండి. అలా బయటపడిన పాత టైరు ఎంత చక్కగా కనబడినా దాని మీద ట్రక్కును నడపకండి. తాళం వెనుక ప్రదర్శనకు దాన్ని ఉంచి, రోడ్డుకు వెళ్లేటప్పుడు అదే కొలత కొత్త టైరును బిగించిన చక్రాన్ని తీసుకువెళ్లండి.