గోబర్ గ్యాస్ గుంతలోకి ఎవరినీ దిగనివ్వకండి

ఊళ్లలో దీనబంధు మోడల్ (భూమిలో ఇటుకలతో గుమ్మటంలా కట్టే రకం) గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టే మేస్త్రీని నేను. స్టవ్వు వెలిగించి చూపించే ముందు ఇంటివాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పే మాటలివి.

రోజుకు రెండు ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే ప్లాంటుకు రోజూ 50 కిలోల దాకా పేడ కావాలి. నాలుగైదు గేదెలుంటే చాలు. పేడకు సమానంగా నీళ్లు పోసి, గడ్డీ రాళ్లూ ఏరేసి కలపండి. ఏరకపోతే అడుగున ఇసుక పేరుకుంటుంది, పైన తెట్టు కడుతుంది, గ్యాస్ తగ్గుతుంది. అప్పుడు ఎవరో ఒకరు "లోపలికి దిగి తోడేద్దాం" అంటారు.

ప్రాణాలు పోయేది అక్కడే. లోపల మీథేన్, కార్బన్ డయాక్సైడ్‌తో పాటు కొద్దిగా హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. అది కొంచెం ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు. అందుకని వాసన రావట్లేదు కదా అని ధైర్యం చేయకండి. మొహానికి తడిగుడ్డ కట్టుకున్నా లాభం లేదు. ఒకరు పడిపోతే కాపాడదామని రెండోవాళ్లు దిగుతారు, వాళ్లూ పడిపోతారు. కన్నకొడుకైనా సరే, దిగకండి. వెంటనే 112కి ఫోన్ చేయండి. ఊపిరి పీల్చుకునే గాలి సిలిండర్ తగిలించుకున్న ఫైర్ సిబ్బందే దిగాలి.

కొత్త ప్లాంటులో మొదట వచ్చే గ్యాస్‌లో గాలి కలిసి ఉంటుంది, దాన్ని వెలిగించకండి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని బయటికి వదిలేయండి.

ఆ తర్వాత మాత్రం గ్యాస్‌ను ఊరికే గాలిలోకి వదలకండి. వందేళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కట్టెల పొగ తప్పిందని సంతోషపడుతూ పైపులోంచి దాన్ని పోనిస్తే ఏం లాభం? నెలకోసారి సబ్బు నురగ చేసి గేటు వాల్వు చుట్టూ, పైపు జాయింట్ల దగ్గర, గొట్టం స్టవ్వుకు తగిలేచోట పూయండి. బుడగ ఉబ్బితే లీకున్నట్టే. అగ్గిపుల్ల గీసి చూడటం మాత్రం వద్దు. వాడకానికి మించి గ్యాస్ వస్తుంటే పేడ తగ్గించండి.

గ్యాస్ తయారయ్యాక బయటికొచ్చే స్లర్రీ (పేడనీళ్ల చిక్కటి మడ్డి) పొలానికి మంచి ఎరువు. చెరువులోకో మురిక్కాలువలోకో వదిలితే మాత్రం నీళ్లు పాడవుతాయి. మంచినీళ్ల బావికి, బోరుకు దూరంగా గుంత తీసి ఎండాకులతో కలిపి కంపోస్టు చేసుకోండి. స్లర్రీ తీశాక అవుట్‌లెట్ (స్లర్రీ బయటికొచ్చే తొట్టి) మీద పలకలు మళ్లీ మూయండి, పిల్లలూ దూడలూ తిరిగే చోటది.