నరాల నొప్పి ఉన్న విద్యార్థికి వయొలిన్ నేర్పడం

ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ బోధించిన విజయనగరంలో, 1919 నాటి సంగీత కళాశాల ఉన్న ఊరిలో, సాధన అంటే గంటల తరబడి కూర్చోవడమేనన్న నమ్మకం బలమైనది. నరాల నొప్పి ఉన్న విద్యార్థి వచ్చినప్పుడు గురువు మొదట వదులుకోవలసింది దానినే.

పాఠానికి ముందు నొప్పి ఎక్కడో అడగాలి. ఎడమచేతి చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతుంటే మోచేతి దగ్గర అల్నార్ నరం నలుగుతూ ఉండవచ్చు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే మణికట్టు వద్ద మీడియన్ నరాన్ని అనుమానించాలి. నిర్ధారించవలసింది మాత్రం వైద్యుడే.

మోచేయి ఎక్కువసేపు మడిచి ఉంచితే అల్నార్ నరంపై ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, సరళి వరుసలను (స్వరాల తొలి అభ్యాసాలను) ఐదు నిమిషాలు వాయించగానే చేయి చాచి విశ్రాంతి తీసుకోమనాలి. బాసింపట్టు వేసుకుని వయొలిన్ తలను కుడి పాదంపై ఆనించే మన పద్ధతిలో వాద్యం బరువు పాదం మీదా భుజం మీదా నిలవాలి గాని ఎడమచేతి మీద పడకూడదు. బొటనవేలితో వాద్యపు మెడను బిగించి పట్టే అలవాటు గురువు పక్కన కూర్చుని చూస్తే తప్ప కనపడదు. కింద కూర్చోలేనివారిని కుర్చీలో కూర్చోబెట్టడం అపచారమేమీ కాదు. తంత్రిని స్వరం పలికేంత మేరకే నొక్కించాలి. స్వరాన్ని ఊపి పలికించే గమకాల పాఠం ఆలస్యమైనా నష్టం లేదు.

నొప్పి ముదిరిన రోజున వయొలిన్ పెట్టె తెరవనివ్వకుండా, నేర్చుకుంటున్న కీర్తననే పాడించి, బాగున్న చేతితో తాళం వేయించాలి. వాయిస్తుండగా తిమ్మిరి మొదలైతే, పల్లవి సగంలో ఉన్నా అక్కడే ఆపించాలి.