సైడ్ విలన్ కావాలంటే ముందు పడటం నేర్చుకోండి

కావలిలో పాతికేళ్లుగా కరాటే నేర్పుతున్నాను. వచ్చే కుర్రాళ్లందరికీ బ్రూస్ లీ కావాలనే ఉంటుంది. ఎప్పుడో ఒకడు మాత్రం క్లాసు అయ్యాక ఆగి, "మాస్టారూ, హీరో చేతిలో దెబ్బలు తినేవాళ్లలో నేను చేయాలంటే ఎలా?" అని అడుగుతాడు. వాడంటే నాకు ప్రాణం. ఇది వాడి కోసమే రాస్తున్నాను.

మొదటి నెలంతా పడటమే. తన్నడం, గుద్దడం జోలికి పోవద్దు. కాలేజీ రోజుల్లో స్టేజీ మీద ఫైట్ చేస్తూ వెనక్కి పడినప్పుడు చెయ్యి ఆనించాను. మణికట్టు విరిగింది. పుత్తూరు కట్టు కట్టించుకుని నెలన్నర ఇంట్లో కూర్చున్నాను. పడేటప్పుడు చెయ్యి దానంతటదే కిందికి వెళ్తుంది, ఆ అలవాటు మాన్పించాలి. గడ్డం గుండెకు ఆనించండి, తల నేలకు తగలదు. ఊపిరి బయటికి వదలండి. వీపు గుండ్రంగా చేసి పడుతూ, రెండు అరచేతులతో పక్కలకు నేలను గట్టిగా కొట్టండి. చేతులు ఒంటికి మరీ దూరంగా పోకూడదు, మోచెయ్యి ముందు తగలకూడదు. మొదట కూర్చుని పడండి, తర్వాత గొంతుక్కూర్చుని, ఆఖరికి నిలబడి.

మా వాళ్లను తెల్లవారుజామున తుమ్మలపెంట సముద్రం ఒడ్డుకు తీసుకెళ్తాను. అల తడిపిన ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ వద్దు. పైన పొడి ఇసుకలో చేయండి. గవ్వలు, గాజుపెంకులు, వలల తాళ్లు ముందే ఏరేయండి.

రెండోది, దెబ్బ తగిలినట్టు కనిపించడం. నిజానికి పిడికిలి ముఖానికి జానెడు దూరంలోనే పోతుంది. కెమెరా కొట్టేవాడి భుజం వెనక ఉంటే ఆ ఖాళీ కనపడదు. జనాన్ని నమ్మించాల్సింది దెబ్బ తినేవాడే. పిడికిలి వెళ్లిన వైపే ముందు తల తిరగాలి, దాని వెంట భుజం, ఆ తర్వాత నడుము. దెబ్బకంటే ముందే తల తిప్పితే సీను చచ్చిపోతుంది. ఫోన్‌ను స్నేహితుడి భుజం వెనక పెట్టి తీసుకోండి, నెమ్మదిగా చేసి చూసుకోండి. మీ తప్పు మీకే తెలిసిపోతుంది.

ఇక సినిమాలు చూడాలి, కానీ సౌండ్ తీసేసి. హీరోని వదిలేసి విలన్‌ని మాత్రమే చూడండి. 1973లో వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్'లో బ్రూస్ లీని ఎదుర్కొన్న షి కీన్ వయసు అప్పటికి 60. అంతకుముందు 1949 నుంచి వాంగ్ ఫీ హంగ్ అనే చైనా కుంగ్‌ఫూ వీరుడి మీద వచ్చిన సినిమాల్లో హీరో క్వాన్ తక్ హింగ్, విలన్ ఈయన. ఒకే జోడీ అన్నేళ్లు కొట్టుకుంటే ఒకరి అడుగు ఇంకొకరికి తెలిసిపోతుంది. నా దగ్గరా జోడీలు మార్చను. 'ఎంటర్ ది డ్రాగన్'లోనే బోలో అనే పాత్ర వేసినవాడు ఉన్నాడు, కండల పోటీల నుంచి వచ్చిన మనిషి. ఆ పాత్ర పేరే తర్వాత ఆయన పేరైపోయింది. అతను ఎక్కువ మాట్లాడడు, ఛాతీ విరుచుకుని నిలబడితే చాలు. మీకూ అలా ఒక గుర్తు ఉండాలి: చూపు, నడక, నవ్వు, ఏదో ఒకటి.

1978లో జాకీ చాన్‌ను 'డ్రంకెన్ మాస్టర్'లో ఎదుర్కొన్న హ్వాంగ్ జాంగ్ లీ కాళ్లు చూడండి. తన్నే ముందు నడుము ఎటు తిరుగుతోందో గమనించండి. ఆయన కొరియా మనిషి. అప్పట్లో హాంకాంగ్ సినిమాలకు మాటలు తర్వాత డబ్బింగ్‌లో కలిపేవారు కాబట్టి భాష అడ్డం కాలేదు. మనకు మాత్రం భాష కావాలి. మన నెల్లూరు జిల్లా మనిషి రాజనాల గారు కత్తియుద్ధం ఎంత బాగా చేసేవారో, డైలాగ్ అంత స్పష్టంగా చెప్పేవారు. రోజూ ఒక పేజీ పైకి చదవండి. మా ప్రాంతపు యాస దాచుకోనక్కర్లేదు, పదం మింగకుండా ఉంటే చాలు.

ఇంట్లో వాళ్లకు టెన్షన్ ఉంటుంది, ఉండాలి కూడా. ఈ పని రోజూ దొరకదు, మోకాలు పోతే ఏడాది ఆగిపోతుంది. పక్కన ఒక జీవనం పెట్టుకోండి. 1980లో 'ది యంగ్ మాస్టర్' ఆఖరి ఫైట్‌లో జాకీ చాన్‌ను అంతసేపు చితకబాదిన హ్వాంగ్ ఇన్ షిక్, హాప్కిడో అనే కొరియా యుద్ధవిద్యకు గురువు. తర్వాత కెనడా వెళ్లి అదే విద్య నేర్పాడు. తెలిసింది పిల్లలకు నేర్పడం, జిమ్‌లో పని, ఏదైనా సరే, నెల గడవాలి.

షూటింగ్‌కి పిలిస్తే మోకాలి, మోచేతి ప్యాడ్లు మీవే తీసుకెళ్లండి, వాళ్లు ఇస్తారని కూర్చోవద్దు. టేకుకు ముందు ఎదుటివాడితో ప్రతి కదలికా నెమ్మదిగా రెండుసార్లు చేయండి. నొప్పి ఉంటే ఫైట్ మాస్టర్‌కు అప్పుడే చెప్పండి. సీను అయ్యాక కొట్టినవాడి దగ్గరికి మీరే వెళ్లి, "అన్నా, సరిగ్గా వచ్చిందా?" అని అడగండి. మళ్లీ జోడీ కావాలంటే అతను మీ పేరే చెబుతాడు.

ఆదివారం ఉదయం ఐదున్నరకు తుమ్మలపెంట రండి. పాత ట్రాక్‌ప్యాంటు, ఒక తువ్వాలు, నీళ్ల సీసా తెచ్చుకోండి.