ఆషాఢం గాలికి ముందే గేర్‌బాక్స్ లోపల చూసేయండి

అనంతపురం ప్రాంతంలో రామగిరి, ఉరవకొండ, వజ్రకరూరు వైపు గాలిమరలు బాగా తిరిగేది జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. ఆ నెలల్లో గేర్‌బాక్స్ చెడితే కరెంటు ఉత్పత్తి పోవడం ఒక్కటే కాదు, పెద్ద క్రేన్ తెప్పించుకున్నా ఆ గాలిలో బరువు పైకెత్తడానికి వీలుపడదు. అందుకే బోరోస్కోప్ (సన్నటి గొట్టం కొనకు కెమెరా ఉన్న పరికరం) తనిఖీ మార్చిలోనే ముగించుకోవడం మంచిది. ఏప్రిల్, మే వచ్చాయంటే సాయంత్రాలు ఉరుములు మొదలవుతాయి. మబ్బు పట్టడం చూశారంటే పని ఎక్కడున్నా ఆపి దిగిపోవాలి.

ఎండ ముదరకముందే ఎక్కండి. బయట 40 డిగ్రీలుంటే నాసెల్ (టవర్ పైన గేర్‌బాక్స్ ఉండే గది) లోపల ఉడికిపోతుంది. ఒంటరిగా ఎవరూ ఎక్కకూడదు. రెస్క్యూ కిట్ పైన, చేతికందేంత దూరంలో ఉండాలి.

అన్నిటికన్నా నాకు భయం వేసేది రోటర్ లాక్ (బ్లేడ్లున్న రోటర్ కదలకుండా పిన్ దించి ఆపే ఏర్పాటు) విషయంలో. బ్లేడ్లు ఫెదర్ చేశాం (గాలి పట్టకుండా తిప్పాం), బ్రేక్ వేశాం, ఆగింది కదా అని లోపల చెయ్యి పెట్టేస్తారు. మామూలు గేర్‌బాక్స్ మెషీన్లలో ఆ బ్రేక్ ఉండేది జనరేటర్ వైపు వేగంగా తిరిగే హైస్పీడ్ షాఫ్ట్ మీద. గాలి తోస్తే పళ్ళ మధ్య సందు ఉన్నంత మేర గేర్లు కదులుతాయి. 6 మిల్లీమీటర్ల ప్రోబ్ (బోరోస్కోప్‌లో లోపలికి దూర్చే గొట్టం) నలగడానికీ, వేలు తెగడానికీ ఆ కదలిక చాలు. లాక్ పిన్ పూర్తిగా దిగిందో లేదో కంటితో చూడాలి. రిమోట్ స్టార్ట్ ఆపించి, ఎవరి తాళం వారే వేసుకోవాలి. ఎంత గాలి దాకా లాక్ వేయవచ్చో మీ మెషీన్ మాన్యువల్‌లో ఉంటుంది, పక్క సైట్ లెక్క మనకు పనికిరాదు.

అసలు ప్రమాదం పని మధ్యలో వస్తుంది. ప్లానెట్ గేర్ల (మధ్య గేరు చుట్టూ ఉండే గేర్ల) పళ్ళన్నీ చూడాలంటే రోటర్‌ను కొంచెం కొంచెం తిప్పక తప్పదు. ఐదారుసార్లు తిప్పాక విసుగొచ్చి, ప్రోబ్ లోపల ఉండగానే "కొంచెం వదులు అన్నా" అనేస్తారు. అలా వద్దు. ప్రతిసారీ ప్రోబ్ బయటికి తీయాలి, చేతులన్నీ బయట ఉన్నాయని గట్టిగా చెప్పించుకోవాలి, తిప్పాక మళ్ళీ పిన్ వేయాలి.

ఆయిల్ చల్లారాకే గేర్‌బాక్స్ మూత విప్పండి. ప్రోబ్ ఎంత వేడికి తట్టుకుంటుందో కూడా చూసుకోండి. మూత చుట్టూ దుమ్ము తుడిచి, చొక్కా జేబులో పెన్ను, వేలికి ఉంగరం తీసేయండి. పనిముట్లను తాడుతో కట్టుకోండి, విప్పిన బోల్టులు, వాషర్లు లెక్కపెట్టి డబ్బాలో వేయండి. లోపల పడిన ఒక్క వాషర్ పళ్ళ మధ్య ఇరుక్కుంటే గేర్‌బాక్స్ పోయినట్టే.

ప్రోబ్ కొన వంచి చూశాక, తిన్నగా చేశాకే వెనక్కి లాగాలి. ఇరుక్కుంటే బలం చూపించవద్దు. వంపు వదిలేసి, మెల్లగా అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది.

హైస్పీడ్ బేరింగ్ లోపలి రింగు మీద ఎక్కువసేపు ఉండండి. షాఫ్ట్ పొడవు దిశలో సన్నటి గీత కనిపిస్తే అది పగులు కావచ్చు, ఆయిల్ పొర మెరుపూ కావచ్చు. లెన్స్ తుడిచి, వెలుగు తగ్గించి, ఇంకో కోణంలో మళ్ళీ చూడండి. గేరు పంటి మీద బూడిదరంగు మచ్చ ఉంటే మైక్రోపిట్టింగ్ (పైపొరలో అతి సన్నటి గుంటలు) అని అనుమానించి, పోయినేడాది ఫొటో పక్కన పెట్టి చూడండి. అందుకే మొదటి పంటికి గుర్తు పెట్టుకుని, ఫొటోలకు వరుసగా పేర్లివ్వాలి.

నిజంగా పగులే అని తేలితే ఉత్పత్తి టార్గెట్ టెన్షన్ ఎంత ఉన్నా మెషీన్ స్టార్ట్ చేయవద్దు, ఫొటోలు ఇంజనీరుకు పంపి ఆగండి. అంతా బాగుంటే బోల్టులు మళ్ళీ లెక్కపెట్టి, గ్యాస్కెట్ చూసి, చెప్పిన టార్క్ (బిగింపు బలం) ప్రకారం మూత బిగించండి. తిరగడం మొదలయ్యాక మూత దగ్గర ఆయిల్ కారుతోందేమో ఆ రోజే ఒకసారి చూడాలి.